ఇంకెన్ని అడుగులు

దానికి రెక్కలు లేవు. ఇంజను పెట్టడానికి చోటు వదిలారు గాని, ఇంకా పెట్టలేదు. అడుగున చదునుగా, పైన గుండ్రంగా, ముందు మొనదేలి, వెనక వెడల్పుగా ఉండేది. కాగితాల మీద దానికి అక్షరాలూ అంకెలూ కలిపిన పెద్ద పేరే ఉంది. అమెరికాలోని ఆ మొహావీ ఎడారిలో మాత్రం ఆ పేరు పలికిన పాపాన ఎవరూ పోలేదు. పైలట్ల భార్యలు దాన్ని మొదటిసారి చూసినరోజే ఇస్త్రీపెట్టె అన్నారు. అదే స్థిరపడిపోయింది. పోలిక ఆకారంతో ఆగలేదు. పెద్ద బాంబర్ విమానం దాన్ని చంకన పెట్టుకుని నలభై అయిదు వేల అడుగుల ఎత్తుకు తీసుకుపోయి వదిలేస్తే, అది కిందికి వచ్చే తీరు కూడా ఇస్త్రీపెట్టె తీరే. కాకపోతే కొంచెం మర్యాదగా వచ్చేది.

అలాంటి వస్తువు ఎవరికి కావాలంటే, అక్కడి పైలట్లకే కావాలి. అంతరిక్షానికి వెళ్ళొచ్చినవాళ్ళు గాలిగొడుగు కట్టుకుని సముద్రంలో దబ్బున పడటం, నౌకాదళం వచ్చి ఏరుకునేదాకా గుమ్మడికాయల్లా తేలుతుండటం వాళ్ళకు నామోషీ. విమానంలా నేలమీద దిగాలి. మెట్లు దిగి నడిచి రావాలి. ఫొటోకి నవ్వాలి. అంత పైనుంచి వచ్చే వేగానికి రెక్కలైతే కాలిపోతాయి కాబట్టి రెక్కలు పీకేసి, ఒట్టి ఒంటితోనే గాలిమీద ఆనుకుని దిగే బండిని తయారుచేశారు. ఇంజను లేదు గనక దిగడం ఒక్కసారే. తప్పితే మళ్ళీ పైకి లేచి, ఒక చుట్టు తిరిగి వచ్చి, ఈసారి బాగా దిగుతానంటే కుదరదు.

ఆ ఇస్త్రీపెట్టెలో కూర్చునేవాడు డెల్మర్ హాక్లీ. పొట్టివాడు, గట్టివాడు. తనకు భయం లేదని ఎవరికీ చెప్పేవాడు కాదు. చెప్పవలసి వస్తే అనుమానం ఉన్నట్టే గదా అని అతని లెక్క.

దిగేది ఎండిపోయిన సరస్సులో. కనుచూపు మేర పళ్ళెంలా చదునైన తెల్లటి మట్టి. చెట్టు లేదు, రాయి లేదు, కనీసం ఒక కుందేలు కూడా నిలబడదు. విమానం దింపడానికి అంతకంటే మంచి నేల భూమ్మీద దొరకదు. నేల ఎంత దూరంలో ఉందో కనిపెట్టడానికి అంతకంటే చెడ్డ నేలా దొరకదు. ముప్పై అడుగుల ఎత్తునుంచి చూసినా, మూడడుగుల ఎత్తునుంచి చూసినా ఒకటే తెలుపు. ఎత్తుండగానే నేల వచ్చేసిందనుకుంటే బండి గాలిలో చతికిలబడి కిందికి జారుతుంది. నేల వచ్చేశాక ఇంకా ఎత్తుందనుకుంటే, ఆ తర్వాత అనుకోవడానికి ఏమీ మిగలదు.

అందుకని ఒక జెట్ విమానం ఇస్త్రీపెట్టె పక్కనే దిగుతూ వచ్చేది. దాంట్లో వర్జిల్ టట్ ఉండేవాడు. పక్కనుంచి చూసేవాడికి బండి చక్రాలూ, నేలమీద దాని నీడా, మధ్యలో ఎడమూ అన్నీ కనిపిస్తాయి. వర్జిల్ ఆ ఎడాన్ని రేడియోలో అడుగుల లెక్కన చెప్తూ వచ్చేవాడు. ముప్పై, ఇరవై, పది, అయిదు. ఆ అంకెల మధ్య ఖాళీలలో డెల్మర్‌ని తిడుతుండేవాడు. ఒకసారి కోడి గుడ్లమీద కూర్చున్నట్టు కూర్చోమన్నాడు. ఇంకొకసారి, దిగేది నేలమీద, మీ అత్తగారి మీద కాదు అన్నాడు. డెల్మర్ బదులు చెప్పేవాడు కాదు. బండి దిగాక మాత్రం, వాడి వాగుడుతో చెవులు చిల్లులు పడుతున్నాయని అందరితో చెప్పేవాడు.

అక్కడ అదొక ఆచారం. ఆ అంకెలు విని దిగని పైలట్ లేడు, ఆ అంకెలు తనకు కావాలని ఒప్పుకున్న పైలట్ కూడా లేడు. పక్కవాడికి నోరు ఊరుకోదు, ఏదో వాగుతుంటాడు, పోనీ పాపమని వింటుంటాం. అందరిదీ ఇదే మాట. చెప్పేవాడు కూడా, వీడికి అవసరమని చెప్తున్నాను అనడు. అనడమంటే ఎదుటివాడిని చేతకానివాడని తిట్టడమే. అత్తగారి పేరెత్తి తిట్టొచ్చు గాని, ఆ తిట్టు మాత్రం తిట్టకూడదు.

ఆ చలికాలం సరస్సులో వాననీళ్ళు నిలిచాయి. గాలి ఆ పలచటి నీటిని ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు నెట్టి నెట్టి, మట్టిని మేస్త్రీ తాపీతో రుద్దినట్టు నునుపు చేసింది. నీళ్ళు ఇంకిపోయేసరికి, పైలట్లు కంటికి ఆనవాలుగా పెట్టుకునే నల్లటి తారు గీతలు సగం చెరిగిపోయాయి. సరిగ్గా అప్పుడే వాషింగ్టన్ నుంచి పెద్దలు వస్తున్నారని కబురొచ్చింది. ఈ రెక్కల్లేని వ్యవహారం సాగాలో, ఇక చాలో తేల్చేది వాళ్ళే. వాళ్ళకంటే ముందు క్లిఫర్డ్ బేన్స్ దిగాడు. ప్రచారం సంగతి చూసే అధికారి. ఎడారిలో పాలిష్ చేసిన బూట్లతో నడిచిన మనిషి అతనొక్కడే.

బేన్స్ గుడారం వేయించాడు, కుర్చీలు వేయించాడు. గీతలు మళ్ళీ వేయడానికి తారు వస్తే, పెద్దల కంటికి ఆనేలా గుడారం ముందున్న ముక్కకే దాన్ని పూయించాడు. ఆకాశంలో మాట్లాడుకునేది పెద్దలకు నేరుగా వినపడాలని లౌడ్‌స్పీకర్లు కట్టించాడు. కట్టించాక, అసలు ఆకాశంలో ఏం మాట్లాడుకుంటారో తెలుసుకుందామని కిందటి సారి దిగినప్పటి టేపు పెట్టించుకుని విన్నాడు. అత్తగారి దాకా వచ్చేసరికి ఆపేయమన్నాడట.

మర్నాడు సమావేశంలో బేన్స్ ఆ విషయం ఎత్తాడు. ఈ పని మొత్తానికి పెద్ద ఓర్విన్ స్టెన్సన్ అనే ఇంజనీరు. ఆయన బల్ల చివర కూర్చుని పెన్సిల్ చెక్కుకుంటున్నాడు.

"ఈ అంకెలు చదవడం, ఈ... సంభాషణ, ఇది అవసరమేనా?" అని అడిగాడు బేన్స్.

అందరూ డెల్మర్ వైపు తిరిగారు. చెప్పడానికి చాలా సులభమైన మాట, ఊఁ అనే ఒక్క అక్షరం చాలు. కాని బల్ల చుట్టూ ఎనిమిదిమంది పైలట్లున్నారు. వాళ్ళలో డ్వేన్ కింబ్రో అనే కుర్రవాడు, ఇస్త్రీపెట్టెలో తన వంతు ఎప్పుడొస్తుందా అని కూర్చున్నవాడు, అప్పుడే చిన్నగా నవ్వుతున్నాడు.

"నాకా? నాకేం అవసరం," అన్నాడు డెల్మర్. "అతనికి ఊసుపోక అంటుంటాడు."

వర్జిల్ నమలుతున్న గమ్ ఆపాడు. బేన్స్ అతని వైపు తిరిగితే, "ఆయనకు అక్కర్లేనిది నాకెందుకు సార్. నా గొంతుకు కూడా కాస్త విశ్రాంతి," అని మళ్ళీ నమలడం మొదలుపెట్టాడు.

అలా ఇద్దరు మగవాళ్ళు తలా ఒక చెయ్యీ వేసి గొయ్యి తవ్వుకున్నారు. బేన్స్ సంతోషించాడు. చక్రాలు నేల తాకగానే డెల్మర్ అనవలసిన ఒక వాక్యం తనే రాసి ఇచ్చాడు. ఆకాశపు అంచునుంచి మనిషి తన ఇంటికి నడిచివచ్చే బాట ఇవాళ తెరుచుకుంది, అని. గంభీరంగా, తొందర లేకుండా అనాలన్నాడు.

బయట వరండాలో ఓర్విన్ డెల్మర్‌ని పక్కకు పిలిచాడు. నిజంగా వద్దా అని అడిగాడు. డెల్మర్ ముఖం ఎర్రబడింది. పన్నెండేళ్ళుగా విమానాలు దింపుతున్నవాడిని పట్టుకుని అడగవలసిన ప్రశ్నేనా అన్నాడు. ఓర్విన్ వెంటనే వెనక్కి తగ్గాడు. నలభై అయిదు వేల అడుగులనుంచి ముప్పై అడుగుల దాకా ప్రతి అంగుళానికీ ఆయన దగ్గర లెక్క ఉంది. ఆ చివరి ముప్పై అడుగుల దగ్గర మాత్రం, పైలట్ చూసుకుంటాడు, అని రాసి ఉంటుంది. పైలట్టే చూసుకుంటానంటుంటే కాదనడానికి ఆయనెవరు.

ఇంట్లో నోరీన్ మాంసం రొట్టె కోసి పళ్ళెంలో పెడుతుంటే, డెల్మర్ ఆ వాక్యాన్ని మూడు రకాలుగా అని చూపించాడు. మూడోసారి బాగుందంది. తర్వాత, అది అనేటప్పుడు వర్జిల్ మాట్లాడటం ఆపుతాడా అని అడిగింది. వర్జిల్ అసలు మాట్లాడడని చెప్పాడు.

నోరీన్ కత్తి కింద పెట్టింది. "మొన్న గ్యారేజీలో కారు పెట్టడానికి నన్ను వెనక నిలబెట్టి, ఇంకెంతుంది, ఇంకెంతుంది అని ప్రాణం తీశావు."

"కారు సంగతి వేరు."

"వేరే. కారుకి వెనక్కి పోయే గేరుంటుంది."

డెల్మర్ రొట్టె తిన్నాడు. కాస్త ఉప్పు తక్కువైందన్నాడు. ఆమె ఉప్పు డబ్బా అతని ముందుకు తోసి, వర్జిల్ ఇల్లు ఇదే వీధిలో ఉందనీ, వెళ్ళి రెండు ముక్కలు చెప్పి వస్తే రాజ్యాలేం పోవనీ అంది. అతను వినిపించుకోనట్టే తిన్నాడు. చెయ్యి కడుక్కుని, గాలి పీల్చుకుని వస్తానని బయటికి వెళ్ళాడు. గాలి వర్జిల్ ఇంటివైపే ఉంది.

వర్జిల్ తన పాత ట్రక్కు కింద పడుకుని నూనె మారుస్తున్నాడు. బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. డెల్మర్ ఆ బూట్ల దగ్గర నిలబడ్డాడు. ట్రక్కు ఎలా ఉందని అడిగాడు. ముసలిదైందని ట్రక్కు కిందనుంచి జవాబొచ్చింది. రేపు ఎండ బాగానే కాసేలా ఉందని డెల్మర్ అన్నాడు. గాలి కూడా తక్కువేనని బూట్లు ఒప్పుకున్నాయి. కొంతసేపు నూనె కారే చప్పుడు వినపడింది.

"గీతలు సరిగ్గా లేవట," అన్నాడు వర్జిల్.

"చూశాను."

"కొత్తవి గుడారం ముందే పూశారట."

"ఊఁ."

వర్జిల్ బయటికి జరిగి, నూనె చేతులతో లేచి కూర్చున్నాడు. డెల్మర్ ముఖంలోకి చూశాడు. "ఏమన్నా చెప్పాలని వచ్చావా?"

ఆ మాట నాలిక చివరిదాకా వచ్చిన సంగతి డెల్మర్‌కి తెలుసు. ఆ చివర నుంచి బయటికి మిగిలింది ఎంత దూరమో మాత్రం తెలియలేదు.

"నీ దగ్గర పెద్ద రెంచి ఉందా?" అన్నాడు.

వర్జిల్ ఇంకొంచెంసేపు చూసి, రెంచి తీసి ఇచ్చాడు. డెల్మర్ ఆ ఇనపముక్కను పట్టుకుని ఇంటికి వచ్చాడు. తలుపు తీసిన నోరీన్ దాన్ని ఒకసారి, అతన్ని ఒకసారి చూసింది. ఇది నోట్లో పెట్టి తిప్పితే మాట ఊడివస్తుందా అని అడిగి, పడుకోవడానికి వెళ్ళిపోయింది.

మర్నాటి పొద్దున గుడారం కింద పెద్దలు కూర్చున్నారు. టోపీలు సర్దుకున్నారు. నిమ్మరసం తాగారు. వాళ్ళకు విషయం వివరించే పని డ్వేన్‌కి అప్పగించారు. కిందికి ఎలా వస్తుందని ఒక ముసలి సెనేటర్ అడిగితే, పడుతుందని చెప్పకుండా పడటాన్ని ఎన్ని మాటల్లో చెప్పవచ్చో అన్ని మాటల్లో చెప్పాడు డ్వేన్. నోరీన్ వెనక వరుసలో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పైన బాంబర్ కొక్కెం ఇస్త్రీపెట్టెను వదిలింది. తర్వాతి పని డెల్మర్‌కి కరతలామలకం. ముక్కు దించి వేగం పట్టాడు. సరస్సు చుట్టూ సగం తిరిగాడు. నేల నిటారుగా ఎదురొస్తుంటే గుడారం ముందున్న నల్ల గీతకేసి గురిపెట్టాడు. వర్జిల్ జెట్ పక్కకొచ్చి చేరింది. చేరాను అన్నాడు, అంతే. ఆపైన చెవుల్లో ఒట్టి గుయ్ మనే చప్పుడు. పెళ్ళయిన కొత్తలో అత్తవారింట్లో భోజనానికి కూర్చున్నప్పుడు కూడా అంత నిశ్శబ్దం ఎరగడు డెల్మర్.

ముక్కు పైకి లాగాడు. బండి నేలకు సమంగా సాగింది. గాలిమీద మిగిలిన వేగమంతా కొన్ని క్షణాల సరుకు. చక్రాలు ఇప్పుడే దించకూడదు. దించితే గాలి పట్టి లాగేసి, ఉన్న వేగం కాస్తా హరించుకుపోతుంది. ఆలస్యంగానూ దించకూడదు. నేలకు సరైన ఎడం చూసి దించాలి. ఎడం చూద్దామని కిందికి చూశాడు. గీత అయిపోయింది. బేన్స్ తారు గుడారం దాటగానే ఆగిపోయింది, ఇస్త్రీపెట్టె మాత్రం ఆగలేదు. కింద తెలుపు, ముందు తెలుపు. కొత్తగా సున్నం కొట్టిన గోడకు ముక్కు ఆనించి నిలబెట్టినట్టుంది. ముప్పయ్యో, మూడో.

కింద పడ్డా పైచేయి నాదేననే రకం డెల్మర్. ఆ క్షణంలో అతనికి ఆ సామెతలో ఒక లోపం కనపడింది. ఈ బండిలో కిందపడితే పైకెత్తడానికి చెయ్యి మిగలదు. నాలిక మీద బేన్స్ వాక్యం సిద్ధంగా ఉంది. దాన్ని పక్కకు తోసుకుని ఇంకో మాట బయటికొచ్చింది. గ్యారేజీలో నోరీన్‌ని అడిగిన గొంతుతోనే వచ్చింది.

"వర్జిల్, ఇంకెంతుంది?"

గుడారంలో లౌడ్‌స్పీకర్లు ఆ మాటను ఎడారి అంతా పరిచాయి. నిమ్మరసం గ్లాసులు నోటి దగ్గర ఆగాయి.

వర్జిల్ ఊపిరి తీసుకునేపాటి ఆలస్యం కూడా చెయ్యలేదు. "పాతిక. చక్రాలు దించు. ఇరవై. అడగడానికి ఇంతసేపా మహానుభావా. పది. ముక్కు పట్టు, వదలకు. ఆరు. మీ ఆవిడ చూస్తోంది, పరువు నిలుపు. మూడు. రెండు. ఒకటిన్నర. ఇక కూర్చో."

ఇస్త్రీపెట్టె కూర్చుంది. వెనక తెల్లటి దుమ్ము తోకలా లేచింది. అది పరుగెత్తి పరుగెత్తి ఆగింది. గంభీరమైన వాక్యం కోసం బేన్స్ చెయ్యెత్తి అందర్నీ నిశ్శబ్దంగా ఉండమన్నాడు. స్పీకర్లలోంచి, గంభీరంగా, తొందర లేకుండా, "హమ్మయ్య," అని వినిపించింది.

బేన్స్ ముఖంలో నెత్తురు లేదు. ముసలి సెనేటర్ డ్వేన్ వైపు వంగి, వాళ్ళిద్దరూ ఎప్పుడూ ఇలాగే చేస్తారా అని అడిగాడు. డెల్మర్‌కి కావాలి గాని తక్కినవాళ్ళకు అక్కర్లేదండీ అన్నాడు డ్వేన్, ఛాతీ కొంచెం ముందుకు పెట్టి. సెనేటర్ అది పట్టించుకోలేదు. పొద్దున్నుంచి ఇక్కడ తనకు అర్థమైన మాటలు ఆ అంకెలొక్కటేననీ, తమ ఊళ్ళో ధాన్యం లారీని గోదాముకి ఆనించేటప్పుడు కూడా ఇలాగే అరుస్తారనీ, ఇంత తెలివిగా జరుగుతున్న పనిని ఆపనవసరం లేదనీ అన్నాడు. బేన్స్ ముఖంలోకి నెత్తురు తిరిగొచ్చింది. ఆ ఏర్పాటు తామే ప్రత్యేకంగా చేశామని వినయంగా మనవి చేసుకున్నాడు.

ఆ సాయంత్రం బార్‌లో డెల్మర్‌కి జరగవలసిన సన్మానం జరిగింది. అతను గ్లాసులో బీరు వంచుకుంటుంటే నలుగురు కలిసి, ఇంకెంతుంది, అన్నారు. కుర్చీలో కూర్చోబోతుంటే డ్వేన్ నేలమీద చెవి ఆనించి, పది, అయిదు, మూడు అని లెక్కపెట్టాడు. మరుగుదొడ్డికి లేస్తే తలుపు బయట నిలబడి, ముక్కు ఎత్తి పట్టు పెద్దాయనా, అన్నాడు. డెల్మర్ అన్నీ సహించాడు. బతికి ఉన్నవాడు సహించగలడు. నవ్వనివాడు వర్జిల్ ఒక్కడే. వెళ్ళబోతూ, రెంచి ఇంకా అక్కర పడుతుందా, పని అయిపోయిందా అని మాత్రం అడిగాడు. అయిపోయిందన్నాడు డెల్మర్.

తర్వాత డ్వేన్ వంతు వచ్చింది. అంకెలు చదవడం సమావేశంలో కొట్టేసిందే, దాన్ని ఎవరూ తిరిగి పెట్టలేదు. తిరిగి పెట్టాలంటే పైలట్ నోరు తెరిచి అడగాలి. ఆ పైలట్ బార్‌లో నేలకు చెవి ఆనించినవాడు. డ్వేన్ కొన్నాళ్ళు హుషారుగా తిరిగాడు, తర్వాత కొంచెం తక్కువ హుషారుగా తిరిగాడు. బేన్స్ సామాన్లు సర్దుకుంటున్న రోజున డెల్మర్ ఆ గది ముందునుంచి పోతుంటే లోపల డ్వేన్ గొంతు వినపడింది. సందర్శకులకు అంకెలు చాలా నచ్చాయి సార్, మనకేముంది, దేశానికి మంచిది, అంటున్నాడు.

బేన్స్ వెళ్ళేలోపే ఉత్తరువు వచ్చింది. ఇకమీదట ప్రతిసారీ ఎత్తు చదివి తీరాలి, స్పష్టమైన గొంతుతో, ప్రజల ప్రయోజనార్థం. సమావేశంలో అది చదివి వినిపించగానే డ్వేన్ బల్ల గుద్దాడు. ఈ ఆఫీసువాళ్ళ పైత్యానికి అంతు లేదా అన్నాడు. ఎనిమిదిమందీ అవునవునన్నారు. తమ చెవుల గతేమిటని వాపోయారు. అంత ఆనందంగా వాపోయిన మనుషుల్ని ఓర్విన్ ఎన్నడూ చూడలేదు. ఆయన మళ్ళీ పెన్సిల్ చెక్కుకున్నాడు.

డ్వేన్ దిగేరోజున వర్జిల్‌కి జలుబు చేసి గొంతు పోయింది. జెట్‌లో డెల్మర్ ఎక్కాడు. ఇస్త్రీపెట్టె పక్కన దిగుతూ, గాజు వెనక డ్వేన్ తల చూశాడు. తల అటూ ఇటూ కదలడంలేదు. నేలకేసి మేకు కొట్టినట్టుంది. డెల్మర్‌కి అప్పుడొక కోరిక పుట్టింది. ఊరుకుంటే చాలు. ఒక్క క్షణం ఊరుకుంటే, బార్‌లో నేలకు చెవి ఆనించిన ఆ మనిషి నోట ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఉత్తరువులో ఎన్ని అడుగుల దగ్గర మొదలుపెట్టాలో రాయలేదు.

ఆ క్షణం లోపల ఎలా ఉంటుందో తెలిసినవాడు అక్కడ అతనొక్కడే. ఒట్టి తెలుపు, చెవుల్లో గుయ్ మనే చప్పుడు.

"ముప్పై," అన్నాడు డెల్మర్. "చక్రాలు దించు. పాతిక. ముక్కు ఎత్తి పట్టు, కుర్రాడా. ఇరవై."

డ్వేన్ చక్కగా దిగాడు. మూత తీసి, శిరస్త్రాణం తీసి, చెమట తుడుచుకున్నాడు. దగ్గరికొచ్చిన డెల్మర్‌ని చూసి, ఎంత వాగుడయ్యా బాబూ, మనిషిని ప్రశాంతంగా దిగనివ్వవు గదా, అన్నాడు, అందరికీ వినపడేలా.

కుర్రాడి చేతిలోంచి శిరస్త్రాణం జారిపోతుంటే, డెల్మర్ దాన్ని నేల తాకకముందే పట్టుకుని తిరిగి ఇచ్చాడు.